బీరువా తాళం

మూడేళ్లపాటు మా బడి పుస్తకాల బీరువా తాళంచెవి నా టేబుల్ సొరుగులోనే పడి ఉంది. బాన్సువాడ నుంచి రోజూ బండి మీద పోయొచ్చే తండా బడి అది. పిల్లలు ముప్పై మందికి మించరు. అందరూ మనవాళ్లే. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు. బీరువా ఎందుకు తెరవలేదంటే, పుస్తకం చినిగినా పోయినా లెక్క చెప్పాల్సింది నేనే కదా అని భయం. ఇది చదివే టీచర్లలో కొందరు లోలోపల నవ్వుకుంటారని తెలుసు.

2022 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో నూరు రోజుల 'రీడ్' కార్యక్రమం మొదలైనప్పుడు బీరువా కొన్నాళ్లు తెరిచాను. పిల్లలను వరసగా కూర్చోబెట్టి "చదవండి" అన్నాను. వాళ్లు పెదవులు కదిలించారు. నేను ఫోన్ చూసుకున్నాను. ఒకరోజు వరండాలో పిల్లలు బడి ఆట ఆడుతున్నారు. సారు వేషం వేసిన పిల్లవాడు చేతిలో అట్టముక్క పట్టుకొని, దాని మీద బొటనవేలు పైకీ కిందికీ జరుపుతూ, తల ఎత్తకుండానే "చదువుండ్రి, చదువుండ్రి" అంటున్నాడు. మిగతావాళ్లు పడీ పడీ నవ్వుతున్నారు. నేను కిటికీ దగ్గరి నుంచి పక్కకు తప్పుకున్నాను. ఆ రోజు కోపం వచ్చింది గానీ సిగ్గు రాలేదు. అది తర్వాత వచ్చింది.

2024 జూన్‌లో, బడులు తెరిచిన కొద్ది రోజులకు, రమేష్ కార్తీక్ నాయక్‌కు 'ధావ్లో' కథల పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చిందని వార్త. మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి వైపు తండా పిల్లవాడు. ఇంత దగ్గరివాడు రాసిన పుస్తకం నేను చదవలేదేమిటని పట్టుదల పుట్టింది. తెప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే, డీఎడ్ అయిపోయాక నా అంతట నేను కొన్న మొదటి కథల పుస్తకం అదే.

ఇంట్లో తీరిక దొరక్క బడికి తీసుకుపోయాను. పిల్లలు మధ్యాహ్నం అన్నం తింటుంటే వేపచెట్టు కింద కుర్చీ వేసుకొని చదివేవాణ్ణి. పిల్లలకు చూపించాలని కాదు, నాకే కింద పెట్టబుద్ధి కాలేదు. రెండో రోజు నాలుగో తరగతి అమ్మాయి పళ్లెం కడిగి వస్తూ ఆగింది. అట్ట మీది అక్షరాలు కూడబలుక్కొని చదివింది. "ధావ్లో... సార్, ఇది మా దాది పాడుతది! పెండ్లిల ఏడ్సుకుంట పాడేది! పుస్తకంల ఎట్లొచ్చింది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. "మనవాళ్లే రాసిన్రు బిడ్డా" అన్నాను. ఆమె నమ్మలేదు. మరుసటి రోజు ఇంకో నలుగురిని వెంటబెట్టుకొని వచ్చింది.

తర్వాత జరిగింది పెద్ద అద్భుతమేమీ కాదు. బీరువా తాళం తీసి ఊరికే ఉంచాను. నేను చదువుకుంటున్న చోటికి ఒక్కొక్కరూ ఏదో పుస్తకం పట్టుకొని వచ్చి కూర్చునేవారు. కొందరు బొమ్మలు చూశారు, కొందరు నన్ను చూశారు. నేను వేలు తడి చేసుకొని పేజీ తిప్పుతాను, వాళ్లూ అంతే. నాకు నచ్చిన చోట పెన్సిల్‌తో గీత గీసే అలవాటు ఉంది. వారం తిరిగేసరికి బీరువాలో సగం పుస్తకాలకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీతలే. ఇదివరకైతే రిజిస్టర్ తలచుకొని గుండె ఆగేది.

మన తండాలో ఏ పని ఎలా నేర్చుకుంటామో ఆలోచించండి. కాంచళి మీద అద్దాలు కుట్టడం ఏ యాడీ పాఠంలా చెప్పదు. కుడుతూ ఉంటుంది, పిల్ల పక్కన కూర్చుంటుంది, ఒకనాడు సూది అందుకుంటుంది. రొట్టె చేయడం, పశువులను మళ్లించడం, పాట ఎత్తుకోవడం అన్నీ అంతే. ఒక్క చదువు దగ్గరే, ఎవరూ చేస్తుండగా చూడని పనిని చేయమంటున్నాం. పట్నం పిల్లవాడు తండ్రి పేపర్ చదవడమైనా చూస్తాడు. మా తండాలో ఇష్టంగా పుస్తకం పట్టుకొని కూర్చునే పెద్దమనిషి కనబడాలంటే, అది సారో టీచరమ్మో కావాలి. ఆ మనిషి చేతిలోనూ ఫోనే ఉంటే పిల్లలు దాన్నే నేర్చుకుంటారు. అట్టముక్క ఆటలో వాళ్లు చూపించింది అదే.

2004లో అమెరికాలో యాపిల్‌గేట్ దంపతులు, టీచర్లు కాబోయే విద్యార్థుల చదివే అలవాట్ల మీద ఒక అధ్యయనం ప్రకటించారు. చాలామందికి చదవడం మీద ఆసక్తే లేదని తేలింది. తన దగ్గర లేనిది టీచరు పిల్లలకు ఎలా ఇస్తారని వాళ్ల ప్రశ్న. బావిలో ఉంటే కదా బొక్కెనలోకి వచ్చేదని మన పెద్దలు ఎప్పుడో అన్నారు.

ఆ దసరా తర్వాత, ఎప్పటిలాగే, కొన్ని కుటుంబాలు చెరుకు నరకడానికి కర్ణాటక వైపు బయలుదేరాయి. మూడో తరగతి పిల్లవాడొకడు కూడా పోతున్నాడు. అట్టముక్క పట్టుకొని సారు వేషం వేసినవాడి తమ్ముడు. మూటలు ట్రాక్టరుకు ఎక్కుతుంటే బడికి పరుగెత్తుకొచ్చి బీరువా ముందు నిలబడ్డాడు. చేతికి అందిన కథల పుస్తకం ఒకటి తీసి ఇచ్చాను. రిజిస్టర్‌లో రాయలేదు. తిరిగి రాదనుకున్నాను.

ఎండలు ముదిరాక వాడు వచ్చాడు. పుస్తకమూ వచ్చింది. అట్ట లేదు, బెల్లం మరకలు, చివరి నాలుగు పేజీలు లేవు. గుడిసెలో తడిసి ఊడిపోయాయట. వాడి దిగులు వేరు.

"సార్, ఆఖరుకు ఏమైతది?"

నేను పుస్తకం అటూ ఇటూ తిప్పాను. "నేను ఇది చదవలే బిడ్డా" అన్నాను.

వాడు నా వంక చూశాడు. "చదవకుండనే నాకెట్ల ఇచ్చినవ్ సార్?"

ఆ ఆదివారం బాన్సువాడలో రెండు పుస్తకాల షాపులు తిరిగాను. గైడ్లు, నోట్‌బుక్కులు తప్ప ఏమీ లేవు. చివరికి హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడు వెతికి పంపాడు. బస్సులోనే మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. సోమవారం వాడు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.