నీళ్లు పడని బావి: యకుతియా

1828లో సైబీరియాలోని యకుత్స్క్ పట్టణంలో షెర్గిన్ అనే వర్తక కంపెనీ ఉద్యోగి బావి తవ్వించడం మొదలుపెట్టాడు. 1837 దాకా తవ్విస్తూనే ఉన్నాడు. 116 మీటర్లు దిగినా చుక్క నీరు పడలేదు. ఎంత లోతుకు పోయినా గడ్డకట్టిన మట్టే. కొన్నేళ్లకు మిడెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త అందులోకి దిగి, లోతు లోతుకూ ఎంత చలి ఉందో కొలిచాడు. దాహం తీర్చని బావి శాస్త్రానికి అక్కరకొచ్చింది.

ఆ యకుత్స్క్ ఉన్నది యకుతియాలో. సఖా రిపబ్లిక్ అన్నా యకుతియా అన్నా ఒకటే. రష్యాలో భాగం. విస్తీర్ణం దాదాపు 31 లక్షల చదరపు కిలోమీటర్లు, భారతదేశం కంటే కాస్త తక్కువ. జనం మాత్రం సుమారు పది లక్షలే. ఇక్కడి వెర్ఖొయాన్స్క్‌లో 1892లో చలి మైనస్ 67.8 డిగ్రీలకు దిగింది. వేసవిలో నేల పైపొర మీటరో రెండు మీటర్లో కరుగుతుంది. లార్చ్ చెట్ల వేళ్లకు ఆ కాస్త మట్టే ఆధారం. దాని కింద ఉన్నదంతా ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేల, పర్మాఫ్రాస్ట్. ఇంటి వేడికి నేల కరిగి గోడలు కుంగిపోతాయని యకుత్స్క్‌లో భవనాలను స్తంభాల మీద లేపి కడతారు, అడుగున గాలి ఆడేలా.

ఈ నేల దేన్నీ కుళ్లనివ్వదు. 1799లో లేనా నది డెల్టాలో ఒక ఎవెంకి వేటగాడికి మంచుగట్టులో అంతరించిపోయిన మామత్ కళేబరం కనబడింది. ఆడమ్స్ అనే శాస్త్రవేత్త 1806లో అక్కడికి చేరేసరికి మాంసం చాలావరకు జంతువుల పాలైంది. ఎముకలు, తోలు మిగిలాయి. ఆ అస్థిపంజరం ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ మ్యూజియంలో ఉంది. 2010లో దొరికిన యూకా అనే పిల్ల మామత్‌కు ఎర్రటి బొచ్చు కూడా చెక్కుచెదరలేదు. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మాత్రం ఏనుగులంతటి ఈ జంతువులు కాదు, ఒక ఉడుత. కొలిమా నది ఒడ్డున నేల ఉడుతలు బొరియల్లో దాచుకున్న గింజలూ కాయలూ 30 వేల ఏళ్లకు పైగా మంచులోనే ఉండిపోయాయి. ఆ కాయల కణజాలం నుంచి రష్యన్ శాస్త్రవేత్తలు మొక్కలు పెంచితే తెల్లటి పూలు పూశాయి. ఆ ఫలితాన్ని 2012లో ప్రకటించారు.

బతికున్నవాటికీ ఇక్కడ కొదవ లేదు. యకుత్ గుర్రాలు శీతాకాలమంతా ఆరుబయటే ఉండి, డెక్కలతో మంచు తవ్వి గడ్డి మేస్తాయి. యానా, కొలిమా నదుల మధ్య టండ్రాలో గూళ్లు కట్టే సైబీరియన్ కొంగలు చలికాలానికి చైనాలోని పోయాంగ్ సరస్సుకు ఎగిరిపోతాయి.

వజ్రాల సంగతి మనకు కాస్త దగ్గరిది. 18వ శతాబ్దం తొలినాళ్ల దాకా ప్రపంచానికి వజ్రాలంటే ఇండియావే. కృష్ణ ఒడ్డున కొల్లూరు అప్పటి పెద్ద గని. ఇప్పుడు రష్యా వజ్రాల్లో అత్యధిక భాగం యకుతియావి. వాటి జాడ తీసింది లారిసా పొపుగాయెవా అనే భూగర్భ శాస్త్రవేత్త. వాగుల ఇసుకలో, వజ్రాల తావును సూచించే ఎర్రని పైరోప్ రాళ్లు ఏరుకుంటూ అవి వచ్చిన దిక్కుకు నడిచి, 1954లో సోవియట్ దేశపు మొదటి కింబర్లైట్ పైపును, అంటే వజ్రాలుండే రాతి గొట్టాన్ని, కనిపెట్టింది. 1957లో వజ్రాలు కనిపెట్టినందుకు లెనిన్ బహుమతి ఇచ్చినప్పుడు ఆ జాబితాలో ఆమె పేరు లేదు. ఇది అన్యాయం కాక మరేమిటి? ఆ పైపు బయటపడ్డ మరుసటేడు, 1955లో, దొరికిన మీర్ వజ్రాల గని అర కిలోమీటరు లోతు గొయ్యి అయింది. 2017లో ఆ గొయ్యి అడుగున నిలిచిన నీరు కింది సొరంగాల్లోకి దూకింది. ఎనిమిదిమంది కార్మికులు తిరిగి రాలేదు.

చలికి పేరుపడ్డ ఆ వెర్ఖొయాన్స్క్‌లోనే 2020 జూన్‌లో 38 డిగ్రీల ఎండ కాసింది. దానికి దగ్గర్లో, బటగాయ్ వద్ద, అడవి కొట్టేసిన చోట నేల కరిగి కుంగి, కిలోమీటరు వెడల్పు లోయగా విచ్చుకుంది. శాస్త్రవేత్తలకు అక్కడ లక్షల ఏళ్ల పొరలు బయటపడి కనిపిస్తున్నాయి. ఉత్తరాన వేసవిలో మామత్ దంతాల వేటగాళ్లు పంపులతో నీళ్లు చిమ్మి నది గట్లను కోస్తారు. ఏనుగు దంతాల వ్యాపారం మీద అంతర్జాతీయ నిషేధం ఉంది, అంతరించిన మామత్‌కు ఆ నిషేధం వర్తించదు. పనులు తక్కువైన పల్లెల్లో ఒక మంచి దంతం దొరికితే ఇల్లు గడుస్తుంది. అదే పల్లెల్లో మాంసం, చేపలు, తాగునీటికి నది నుంచి కోసి తెచ్చిన మంచుదిమ్మలు దాచుకునే నేలకొట్లు ఉంటాయి. నేల వెచ్చబడేకొద్దీ వాటిలో నీరు ఊరుతోంది.