పొద్దుటి బిగుతు

తెల్లవారుజామున నాలుగింటికే నడుము లేపేస్తుంది. ఒత్తిగిలాలంటే మంచం పట్టె పట్టుకోవాలి. కడప బండల మీద పాదం మోపితే జిల్లుమంటుంది. గోడ పట్టుకుని వరండాలో అరగంట తిరిగితే గానీ వెన్ను సడలదు. "పండుకో నాయనా, తగ్గుతాది" అంటుంది అమ్మ, ఇప్పటికీ. పడుకుంటేనే బిగుసుకునే జబ్బమ్మా ఇది!

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అన్న పేరు తెలిసేసరికి ఏళ్లు గడిచాయి. బరువులెత్తిన నొప్పే అనుకున్నాం అందరం. హెచ్‌ఎల్‌ఏ-బి27 జన్యువుతో దీనికున్న సంబంధం 1973లోనే బయటపడిందట. ఆ జన్యువున్నవాళ్లలో చాలామందికి జబ్బు రానే రాదు. ఆ మాట మా పిల్లల కోసం గట్టిగా పట్టుకున్నాను.

కర్నూలు బస్సెక్కితే మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల, ప్రతిచోటా దిగి నిలబడతాను. కండక్టరు ఒకాయన గుర్తుపట్టాడు. "నిదానంగా దిగునా, ఉంటాం" అంటాడు.