రెండో బ్యాటరీ

సంచికకి ఏదైనా వ్రాసి ఇమ్మని మా సంపాదక మిత్రుడు వారం రోజులుగా మెస్సు గుమ్మం దగ్గర కాపు వేస్తున్నాడు. కవిత్వం నాకు రాదు. ప్రేమ గురించి వ్రాయడానికి మన సంఘంలో వేరే ప్రజ్ఞావంతులున్నారు. నాకు తెలిసిందల్లా మా చిన్నాన్న పికప్ వ్యాను, అందులో నేను బిగించిన రెండో బ్యాటరీ. ఇష్టముంటే చదవండి. లేకపోతే పేజీ తిప్పేయండి, అవతల గ్రూపు ఫోటో ఉంటుంది.

మన నాటక బృందం ఊళ్ళు తిరిగేది చిన్నాన్న బండిలోనే. డీజిలు పోయిస్తే చాలు, కిరాయి అడగడు. వెనక తొట్టిలో తెరలు, ట్రంకు పెట్టె, గడ్డాలు, మీసాలు, వాటి మధ్య మనం. షరతు ఒక్కటే. తెల్లవారుజామున 4 గంటలకల్లా బండి శృంగవరపుకోట దగ్గర, కొండ కింద ఊళ్ళో ఉండాలి. అక్కడ అయిదారుగురు రైతులు చిక్కుడు, వంకాయ బుట్టలతో కాచుకొని ఉంటారు. వాళ్ళని విశాఖపట్నం రైతుబజారుకి చేర్చడమే చిన్నాన్న బతుకుతెరువు.

2023 డిసెంబరులో అరకు అవతల ఓ ఊళ్ళో, బడి ఆవరణలో నాటకం వేసేం. సాయంత్రమే కరెంటు పోయింది. 'ఫర్వాలేదు, బండి బ్యాటరీ ఉంది గదా' అన్నవాణ్ణి నేనే. ఎలక్ట్రికల్ మూడో సంవత్సరం చదువుతున్నవాణ్ణి. నా మాటకి తిరుగేముంది? ఆంప్లిఫయరు 12 వోల్టులతో నడిచేదే. దీపాలూ అంతే. మైకు పరీక్షలు, ప్రార్థన, పెద్దల ప్రసంగాలు, రెండు గంటల నాటకం, ఆపైన ఊరి కుర్రాళ్ళ పాటలు. అన్నీ కలిపి అయిదు గంటలు.

రాత్రి పదకొండున్నరకి చిన్నాన్న తాళం తిప్పేడు. టిక్కుమంది. మళ్ళీ తిప్పేడు. ఈసారి అదీ లేదు.

తోసేం. హీరో, విలనూ భుజం భుజం కలిపి తోసేరు. ఆడవేషం వేసినవాడు చీర గోచీ బిగించి తోసేడు. బడి ఆవరణ చదునుగా ఉంది, పల్లం లేదు. పైగా ఈ కాలపు డీజిలు ఇంజనుకి కంప్యూటరు పెట్టె ఒకటుంటుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే దానికీ ప్రాణం ఉండదు, ఎంత తోసినా ఇంజను అందుకోదు. తెల్లారేక అటు వచ్చిన జీపువాడు తీగలు వేసి స్టార్టు చేయించేడు. కొండ దిగేసరికి తొమ్మిది.

రైతులు తిట్టి ఉంటే బాగుండేది. తడిగోనెలు కప్పుకున్న బుట్టల పక్కన ఊరికే కూర్చునున్నారు. అప్పటికే ఇద్దరు అటు వచ్చిన బేరగాడికి అతను చెప్పిన ధరకే ఇచ్చేసేరట. చిన్నాన్న ఆ రోజు ఎవరి దగ్గరా కిరాయి పుచ్చుకోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికెళ్ళేక మాత్రం, "నీ సదువులో దీనికేటైనా ఉందేట్రా?" అని అడిగేడు.

ఉంది. పరీక్షలో వ్రాసేను కూడాను. ఆంప్లిఫయరూ దీపాలూ కలిసి సుమారు 10 ఆంపియర్లు లాగితే అయిదు గంటలకి 50 ఆంపియర్ అవర్లు. మన బ్యాటరీ మొత్తం 80. ఇంకా 30 మిగిలింది గదా అని వాదించొచ్చు. కానీ సెల్ఫు కొట్టిన క్షణాన వందల ఆంపియర్లు కావాలి. నీరసించిన బ్యాటరీ, అందులోనూ కొండ మీది చలిలో, అంత ఒక్కసారి ఇవ్వలేదు. సెల్ఫు బ్యాటరీ పలకలు పల్చగా ఉంటాయి. గభాలున ఇచ్చి, వెంటనే తిరిగి నిండడానికి చేసినవి. దాన్ని రాత్రల్లా పిండితే పలకల మీద సల్ఫేటు గట్టిపడి ఆయుర్దాయం కూడా తగ్గుతుంది. రాత్రల్లా పనిచెయ్యడానికి దళసరి పలకల బ్యాటరీ వేరే ఉంటుంది.

అంచేత రెండోది కొనాలి. ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ పట్టుకుపొమ్మంది పిన్ని. నిలువెత్తు పెట్టె, నిండా యాసిడ్. ఘాటు రోడ్డు మలుపుల్లో అది మన మీద అభిషేకం చేస్తుంది. నాటకాల డబ్బు కొంత, నా స్కాలర్‌షిప్పులో కొంత వేసి, 75 ఆంపియర్ అవర్ల సీలు బ్యాటరీ తెచ్చేం. బానెట్టు కింద చోటు లేదు, వేడి కూడాను. క్యాబిను వెనక తొట్టిలో, గాలి ఆడే ఇనప పెట్టెలో బోల్టులతో బిగించేం.

"ప్లస్సుకి ప్లస్సు, మైనస్సుకి మైనస్సు కలిపేస్తే పోలేదా బాబూ?" అన్నాడు మెకానిక్కు. కలిపేస్తే రెండూ కలిసే చస్తాయి. మధ్య ఓ కాపలాదారు ఉండాలి. అది వోల్టేజి చూసుకొనే రిలే. ఇంజను తిరిగి ముందు బ్యాటరీ 13.3 వోల్టులు దాటితే రెంటినీ కలుపుతుంది. ఇంజను ఆగి 12.8కి దిగితే విడదీస్తుంది. ఇక ఆంప్లిఫయరు వెనకదాన్ని ఎంత పీల్చినా ముందుదాని జోలికి పోలేదు. (కొన్ని కొత్త బళ్ళలో ఆల్టర్నేటరు తన ఇష్టం వచ్చినట్టు వోల్టేజి తగ్గించుకుంటుంది. వాటికి ఇది చాలదు, వేరే చార్జరు పెట్టాలి. మనది పాతది, బుద్ధిమంతురాలు.)

తీగ దగ్గర పీనాసితనం చేసేను. ఇంట్లో వాడే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ చుట్ట ఉంటే అదే లాగేను. నాలుగు మీటర్లు. 40 ఆంపియర్లు పారితే అందులోనే ఒక వోల్టుకి పైగా పోతుంది. ముందు 14 ఉన్నా వెనక్కి 13 కూడా చేరదు, బ్యాటరీ చాలా నెమ్మదిగా నిండుతుంది. చెయ్యి వేస్తే తీగ కాలింది. ఊడబీకి 16 చదరపు మిల్లీమీటర్లది వేసేం.

అంతా అయ్యేక మన ల్యాబ్ అసిస్టెంటు గారికి చూపించేను. ముందు బ్యాటరీ దగ్గర 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టేనని గొప్పగా చెప్పేను. ఆయన తీగ వెంట వెనక దాకా నడిచి, "ఇక్కడేదీ?" అన్నారు.

"అక్కడుంది కదండీ."

"మరి ఈ చివరనున్నది బ్యాటరీయా, బండరాయా?"

తీగ మధ్యలో ఒరుసుకుపోయి బాడీకి తగిలితే రెండు వైపుల నుంచీ కరెంటు ఉరుకుతుంది. ముందు ఫ్యూజు పోయినా వెనక బ్యాటరీ తీగని కాలుస్తూనే ఉంటుంది. తెరలు, గడ్డాలు, వాటి మీద కూర్చున్న మనం. ఆ రోజే రెండోది పెట్టేను.

2024 సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ కొండెక్కేం. నాటకం ఆలస్యంగా మొదలైంది. ముందు మూడు రాత్రులు దగ్గర ఊళ్ళే తిరగడం వల్ల వెనక బ్యాటరీ సరిగా నిండలేదు. మూడో రంగంలో మైకు గురగురమని ఆగిపోయింది. దీపాలు ఎర్రబడ్డాయి. జమీందారు వేషగాడు గొంతు చించుకొని, మిగతాది చీకట్లోనే లాగించేడు. నేను మాత్రం జనంలోంచి దూరి క్యాబిను దగ్గరికి పరుగెత్తేను. చిన్నాన్న అప్పటికే తాళం తిప్పేడు. మొదటి దెబ్బకే ఇంజను అందుకుంది. ఒక్క నిమిషం విని, ఆపేసి, "మరి కానీండ్రా" అన్నాడు.

నాలుగుకి పావు గంట ముందే కొండ కింద ఊళ్ళో ఉన్నాం. బుట్ట అందిస్తూ ముసలాయన ఒకడు నా మొహంలోకి టార్చి వేసి చూసేడు.

"రేత్రి నాటకం నేదా బాబూ?"

ఉందన్నాను. ఆయన బుట్ట వదిలి, రెండోది తెచ్చుకోడానికి వెళ్ళేడు.