నీ క్యాపు, నా మోకాలు

మెడికల్ షాపుకెళ్ళి "నీ సపోర్ట్ ఉందా?" అని అడిగితే కౌంటర్ దగ్గర కుర్రాడు నా వైపు అదోలా చూశాడు. వెనకాల నిలబడ్డ పెద్దాయన "నీ క్యాప్ బాబూ, నీ క్యాప్" అని అందించాక గానీ పని జరగలేదు. నా మోకాలికి 'నీ' క్యాప్ ఏమిటో! (సరే, పాత జోకే, వదిలెయ్యండి.)

"సైజెంత సార్?" అన్నాడు. చొక్కా ఎల్ కాబట్టి ఇదీ ఎల్లే అయ్యుంటుందనుకుని తీసేసుకున్నా. ఇయర్‌ఫోన్లు కొనడానికి మూడు వారాలు రివ్యూలు చదివిన మనిషినండీ నేను. మోకాలి దగ్గరకొచ్చేసరికి రెండు నిమిషాల్లో తేల్చేశా.

అసలు నాకీ పరుగు గోల ఎందుకో చెప్పాలి. మూడేళ్ళ క్రితం ఆఫీసు వాళ్ళు చేయించే హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా 'షుగరుకి గుమ్మం దగ్గరున్నావు' అని అర్థం. మా నాన్నకి షుగరుంది, బాబాయికీ ఉంది. ఆ భయంతో కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో నడక మొదలుపెట్టి, నడక పరుగై, రెండేళ్ళకి ఆ అంకె 5.6కి దిగింది. కాబట్టి పరుగు నాకు సరదా కాదు, రోజూ వేసుకునే మాత్రలాంటిది. ఆ ఊపులోనే పోయినేడు ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి పేరిచ్చేశా. అంటే 21.1 కిలోమీటర్లు. అది పరిగెత్తిన వాళ్ళకి తెలుసు అక్కడి ఫ్లైఓవర్ల సంగతి. ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది, దిగేటప్పుడు మోకాళ్ళు పోతాయి.

జూన్‌లో మొదలైంది. కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు దిగుతుంటే ఒకటే పోటు. రెండు గంటల కాల్ అయ్యాక కుర్చీలోంచి లేస్తే ముసలాడిలా వంగి నాలుగడుగులు వేస్తే గానీ కాలు సర్దుకునేది కాదు.

"చెప్తే విన్నావుట్రా! మీ నాన్న మోకాళ్ళు చూస్తూ కూడా ఆ పరుగులేంటి?" అంది అమ్మ.

నాన్న బస్ కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. చిన్నప్పట్నుంచీ కాదుగానీ, ఓ పదేళ్ళుగా మా ఇంటి దండెం మీద ఆయన గోధుమరంగు నీ క్యాపులు ఆరుతూనే ఉంటాయి. అమ్మ ఆ మాట అనగానే నాకు ఆ దండెమే కళ్ళముందుకొచ్చింది. నలభై నిండకుండానే నా వంతొచ్చేసిందా అనిపించింది. మెడికల్ షాపుకి పరిగెత్తింది అందుకే.

క్యాప్ తొడుక్కుని ఆదివారం 14 కిలోమీటర్లు పరిగెత్తా. నొప్పి లేదు! ఇంత సులువా అనుకుంటూ ఇంటికొచ్చా. సోమవారం పొద్దున్న మా అపార్ట్‌మెంట్ మెట్లు పీతలా పక్కకి తిరిగి దిగాను. అప్పుడైనా ఆగానా? చిప్ప కింద కట్టుకునే స్ట్రాప్ ఒకటి, అటూ ఇటూ ఇనప బద్దలున్న ఖరీదైనది ఇంకొకటి ఆన్‌లైన్‌లో తెప్పించా. మా ఆవిడ ఆ సొరుగుకి 'సర్జికల్స్' అని పేరు పెట్టింది.

చివరికి ఫిజియోథెరపిస్టు దగ్గరకెళ్ళా. నా మూడు క్యాపులూ సంచిలోంచి తీసి టేబుల్ మీద పరిచా, ఏది మంచిదో చెప్తారని. ఆవిడ వాటి వైపు చూడనైనా లేదు.

"వారానికెన్ని కిలోమీటర్లు?"

"34 అండీ."

"నెల క్రితం?"

"18."

ఆవిడేమీ అనలేదు. అద్దం ముందు ఒంటికాలి మీద నిలబడి కొంచెం కూర్చోమంది. ఎడమ కాలు బాగానే ఉంది. కుడికాలి మీద దిగుతుంటే మోకాలు లోపలికి ఒరిగిపోతోంది, నడుం ఒకవైపు జారిపోతోంది. "మీ మోకాలు బాగానే పని చేస్తోందండీ. దానికి పైనున్నవాళ్ళే చెయ్యట్లేదు" అంది. తుంటి కండరాల గురించి చెప్తోంది పాపం. నాకెందుకో మా ప్రాజెక్టు గుర్తొచ్చింది.

క్యాపుల సంగతి ఆవిడ చెప్పింది విన్నాక నా అజ్ఞానానికి నాకే నవ్వొచ్చింది. గొట్టంలాంటి మామూలు క్యాప్ కాస్త వెచ్చగా, బిగువుగా ఉంచుతుందంతే, బరువు మొయ్యదు. దానికి సైజు చొక్కాని బట్టి కాదు, టేపుతో కాలి చుట్టుకొలత తీసుకుని, ఆ కంపెనీ పట్టీ ఎక్కడ కొలవమందో అక్కడ కొలిచి చూసుకోవాలి. స్ట్రాప్ ఉన్నది చిప్ప కింది నరంలాంటి టెండన్ నొప్పికి, నా నొప్పి అది కాదు. ఇనప బద్దలవి లిగమెంట్ దెబ్బతిన్నవాళ్ళకి. మోకాలు వాచినా, మడత పడి ఇరుక్కుపోయినా, ఉన్నట్టుండి తూలిపోయినా అసలు షాపుకే వెళ్ళకూడదు, డాక్టర్ దగ్గరకెళ్ళాలి.

ఇంటికొచ్చి మన అలవాటు ప్రకారం వెతికా. అమెరికా ఫిజియోథెరపిస్టుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నాకున్న రకం చిప్ప నొప్పికి క్యాపులు, స్ట్రాపులు రాయొద్దనే ఉంది. తుంటికీ తొడకీ వ్యాయామమే మందు. అంటే నేను చేసింది ఎక్సెప్షన్‌ని మింగేసే క్యాచ్ బ్లాక్ రాసి, టెస్టు పాసైందని సంబరపడటం.

ఇంకోటి కూడా దొరికింది, అమ్మకి చూపించడానికి. 2017లో చాలా అధ్యయనాల్ని కలిపి లెక్కేస్తే, సరదాగా పరిగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి అరుగుదల 3.5 శాతం. అసలు పరిగెత్తకుండా కూర్చునేవాళ్ళలో 10.2. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్ళలో మాత్రం 13.3. పరుగు వల్లే తగ్గిందని దీంతో తేల్చలేం, కానీ పరుగు వల్ల నాన్నలా అయిపోతానన్న భయం మాత్రం తగ్గింది. అమ్మ ఆ చివరి అంకె ఒక్కటే పట్టుకుంది, అది వేరే సంగతి.

హాఫ్ మానేశా. అది చాలా బాధ పెట్టింది, దాచను. కట్టిన డబ్బు పోయింది, జట్టుగా పేరిచ్చిన ఆఫీసు మిత్రుడు "ఏంటి గురూ, హ్యాండిచ్చావ్" అన్నాడు. పడుకుని కాలు పక్కకి ఎత్తడం, గోడకుర్చీ (చిన్నప్పుడు మాస్టారు వేయించింది ఇప్పుడు డబ్బులిచ్చి వేస్తున్నా), మెట్టు మీద నుంచి నెమ్మదిగా దిగడం. పది వారాలు ఇదే. పరుగు పూర్తిగా ఆపలేదు, వారానికి 12కి తగ్గించా. నిమిషానికి 158 అడుగులు వేసేవాణ్ణి 167కి తెచ్చా. అడుగు చిన్నదైతే మోకాలి మీద దెబ్బ తగ్గుతుందట. మొదటి వారం ఎలక పరిగెత్తినట్టుందని మా ఆవిడ నవ్వింది.

ఇప్పుడు వారానికి 25 దగ్గరున్నా, మెట్లు మామూలుగానే దిగుతున్నా. ఈసారి 10కె కే పేరిచ్చా.

ఆ ఎల్ సైజు క్యాప్ నాన్న కాలికి సరిగ్గా సరిపోయింది. అరిగిన మోకాలికి ఆ వెచ్చదనం ఆయనకి హాయిగా ఉందట, కూరగాయలకి వెళ్ళేటప్పుడు వేసుకుంటున్నారు. నేను గోడకుర్చీ వేస్తుంటే పక్కన ఆయన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చుంటున్నారు. మొన్నటిదాకా ఆరుసార్లు. నిన్న తొమ్మిది.