చేతులకు తెడ్లు కట్టుకునే ముందు

మా కొత్తకోట వైపు మా చిన్నప్పుడు ఈతంటే బాయిలో ఈతే. నడుముకు ఎండిన సొరకాయ బుర్రో, బెండ్లో కట్టి నీళ్లలోకి దించేవాళ్లు. నాలుగు రోజులకు ఆ కట్టు విప్పేసి, మెట్ల మీద కూర్చొని "కొట్టు బిడ్డా, కొట్టు" అనేవాళ్లు. నాకు మా నాయన అట్లాగే నేర్పాడు. పన్నెండు పదమూడేళ్లు వచ్చేసరికి ఆడపిల్లల ఈత ఆగిపోయేది. ఎవరూ గట్టిగా వద్దనేవాళ్లు కాదు, అయినా ఆగిపోయేది. తర్వాత పెళ్లి, హైదరాబాద్, ఇద్దరు పిల్లలు, అత్తమామల మందులు, వంట. నేను మళ్లీ నీళ్లలో దిగడానికి 30 ఏళ్లు పట్టింది.

షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టరమ్మ చెప్పాక, మా కాలనీకి దగ్గర్లోని కొలనులో ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరాను. ఉదయం ఆరు నుంచి ఏడు వరకు. ఇంట్లో ఎవరూ పిలవని, ఎవరికీ టీ పెట్టక్కర్లేని గంట నాకు రోజు మొత్తంలో అదొక్కటే. అందుకే దాన్ని ఏ కారణంతోనూ పోగొట్టుకోదలచుకోలేదు. ఈ వ్యాసమంతా ఆ జాగ్రత్త గురించే.

బాయి ఈత వేరు, కొలను ఈత వేరు. బాయిలో తల పైకెత్తి నీళ్లను తోసుకుంటూ పోతాం. ఇక్కడ తల నీళ్లలోనే ఉంచి, పక్కకు తిప్పి గాలి తీసుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకు 25 మీటర్లు పోవాలి. మొదటి వారం రెండు లెంత్‌లకే ఆయాసం వచ్చింది. రెండు నెలలకు 20 లెంత్‌లు చేయగలిగాను, అంటే అర కిలోమీటరు. అది చూసి మా పెద్దమ్మాయి ఆన్‌లైన్‌లో ఒక జత హ్యాండ్ ప్యాడిల్స్ తెప్పించింది. అరచేతులకు తగిలించుకునే ప్లాస్టిక్ పలకలవి. వేలికి ఒకటి, మణికట్టుకు ఒకటి రబ్బరు గొట్టాలు ఉంటాయి. "అమ్మా, వీటితో ఈదితే చేతులకు మస్తు బలమొస్తదంట" అంది.

మా కోచ్ నాకంటే చాలా చిన్నది. వాటిని చూసి నవ్వి, "అక్కా, ఇవి మంచివే. కానీ ఇంకో నెలన్నర బ్యాగులోనే ఉండనీయండి" అంది. ఎందుకో విడమరిచి చెప్పించుకున్నాను.

ప్యాడిల్ వేసుకుంటే అరచేయి పెద్దదవుతుంది. ఒక్కో పట్టుకు ఎక్కువ నీళ్లు వెనక్కి తోస్తాం. ఆ బరువు మోసేది అరచేయి కాదు, భుజం. ఇది కొత్త సంగతేమీ కాదట. అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పిల్లవాడిగా ఉన్నప్పుడే, అంటే 300 ఏళ్ల కిందటే, బొటనవేలికి రంధ్రం పెట్టిన రెండు చెక్క పలకలు చేసుకొని వాటితో ఈదాడు. వేగం పెరిగింది గానీ మణికట్లు అలిసిపోయేవని ఆయనే తర్వాత రాసుకున్నాడు.

నేను లెక్క వేసి చూశాను. 25 మీటర్లకు రెండు చేతులూ కలిపి 22 సార్లు వేస్తాను. 20 లెంత్‌లకు 440, అంటే ఒక్కో భుజానికి 220 సార్లు. చేయి పడే తీరులో చిన్న లోపం ఉంటే అది రోజూ 220 సార్లు జరుగుతుంది. దానికి ప్యాడిల్ బరువు కూడా తోడైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆయాసం తొందరగా తగ్గుతుంది. కండరాలను ఎముకకు పట్టి ఉంచే నరాల్లాంటి తాళ్లు గట్టిపడటానికి మాత్రం చాలా ఎక్కువ కాలం కావాలి. "నాకేం, బాగానే ఈదుతున్నా" అనిపించే రెండో నెలలోనే భుజానికి ముప్పు ఎక్కువ. పైగా మన భుజాలు ఖాళీగా ఉండేవా? బిందె ఎత్తడం, పిండి పిసకడం, తడి దుప్పటి పిండి తీగ మీద వేయడం, అన్నీ వాటి పనే. 40 దాటిన ఆడవాళ్లలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. షుగరో థైరాయిడో ఉంటే మరీ ఎక్కువ.

మా బ్యాచ్‌లోనే ఒకావిడకు ఇట్లాగే అయింది. పెద్దవైతే తొందరగా బలం వస్తుందని షాపులో చెప్పారట. చేయికి రెండింతలున్న ప్యాడిల్స్ కొనుక్కొని రెండో వారం నుంచే గంటంతా వాటితోనే ఈదింది. నెల తిరక్కుండానే జడ వేసుకోవడానికి చేయి లేవలేదు. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయింది. రెండు నెలలు ఫిజియోథెరపీకి తిరిగింది. భుజం బాగైంది గానీ, ఇంట్లో "నీకెందుకమ్మా ఈ వయసులో ఈత" అన్న మాట మొదలైంది. ఆమె మళ్లీ కొలనుకు రాలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే.

మా కోచ్ చెప్పగా నేను పాటిస్తున్నవి మీకూ చెప్తాను. ప్యాడిల్ అరచేతి కంటే కాస్త పెద్దగా ఉంటే చాలు, అదీ మొదట్లో. మూడు నెలలు ఉత్త చేతులతో నొప్పి లేకుండా ఈదాకే దాన్ని ముట్టుకోవాలి. కొలనులో దిగగానే వేసుకోకూడదు, ముందు 8 లెంత్‌లు ఉత్త చేతులతో ఒళ్లు వేడెక్కాలి. నేను మొదట వారానికి రెండు రోజులు, రోజుకు రెండేసి లెంత్‌లు చేశాను. ఎంత అలవాటైనా మొత్తం దూరంలో పావు వంతు మించొద్దు. చేయి నీళ్లలో దిగేటప్పుడు బొటనవేలు కాదు, మధ్యవేళ్లు ముందు దిగాలి. చేయి తల ముందుగా అవతలి పక్కకు దాటకూడదు. వేగం కోసం లాగొద్దు, నిదానంగా తోయాలి. తొడల మధ్య పెట్టుకునే పుల్ బాయ్‌తో కలిపి వాడితే కాళ్ల సాయం పోయి భారమంతా భుజాల మీదే పడుతుంది. అది చాలా తర్వాతి మాట.

అన్నిటికంటే నాకు నచ్చింది మణికట్టు పట్టీ తీసేయడం. వేలి పట్టీ ఒక్కటే ఉంచితే, చేయి తప్పుగా పడినప్పుడు ప్యాడిల్ దానంతటదే జారిపోతుంది. మా కొత్తకోట దగ్గరి సరళాసాగర్‌కు ఆటోమేటిక్ సైఫన్లున్నాయి. నీళ్లు మట్టం దాటితే ఎవరూ గేటు ఎత్తక్కర్లేకుండా వాటంతటవే బయటికి పోతాయి. ఇదీ అట్లాంటి ఏర్పాటే. మొదటి రోజు నా ఎడమ ప్యాడిల్ నాలుగుసార్లు జారింది. ఎడమ చేయి ఎట్లా పడుతోందో నాకు అప్పుడే తెలిసింది.

పలకల అంచులు గట్టివి, పక్కవాళ్ల ముఖానికి తగలొచ్చు. లేన్‌లో ముగ్గురు నలుగురు ఉన్న రోజు నేను వాటిని తీయను. కండరాల అలసట మరునాటికి తగ్గుతుంది. భుజం ముందు భాగంలో గుచ్చినట్టున్నా, చేయి పైకెత్తితే పట్టేసినా ప్యాడిల్స్ ఆ క్షణమే విప్పేయాలి. నొప్పి వారమైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. ఓర్చుకోవడం మనకు అలవాటే గానీ ఇక్కడ ఓర్పు పనికిరాదు.

హైదరాబాద్ ఆవిడే, గోలి శ్యామల గారు నలభై దాటాక ఈత మొదలుపెట్టి, 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈది దాటారు. మనం సముద్రాలు ఈదక్కర్లేదు. కానీ వయసు అడ్డమని ఎవరన్నా అంటే చెప్పడానికి ఆమె పేరు గుర్తుంచుకోండి.

ఇప్పుడు నాకు ఆరో నెల. 24 లెంత్‌లు ఈదుతున్నాను, అందులో నాలుగే ప్యాడిల్స్‌తో. మా అమ్మాయికి ఇది చాలా తక్కువనిపిస్తుంది. నాకైతే రేపు ఉదయం ఆరింటికి మళ్లీ వెళ్లగలగడమే కావాలి. మీలో ఎవరైనా మళ్లీ నీళ్లలో దిగాలనుకుంటుంటే దిగండి, ప్యాడిల్స్ మాత్రం కొన్నాళ్లు బ్యాగులోనే ఉండనివ్వండి.