మెరుపును పట్టే కళ్ళు

ఢిల్లీలో ఇండియా గేటు నుంచి గోల్ డాక్‌ఖానా వైపు సాగే అశోకా రోడ్డుకు ఇరుపక్కలా నేరేడు చెట్లు గొడుగులు పట్టినట్లు నిలిచి ఉంటాయి. ఆంధ్ర భవన్ ఆ దారిలోనే ఉన్నది. వేసవి మధ్యాహ్నాల్లో అక్కడి భోజనశాల ముందు వరుస కట్టిన తెలుగువారి మీదికి ఒక్కోసారి గాలిదుమారం, దాని వెనుకే ఉరుములతో వాన ముంచుకొస్తాయి. దారిన పోయేవారికి తోచే ఉపాయం ఒక్కటే: చెట్టు కిందికి పరుగు తీయడం. మెరుపు మెరిస్తే అర్జునుడి పేర్లు తలచుకునే అలవాటు గల పెద్దలు కూడా తలచుకుంటూనే చెట్టు మొదట్లో నిలబడతారు. పిడుగులు పడే వేళ అంత ప్రమాదకరమైన చోటు మరొకటి అరుదు.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో పిడుగుపాటుకు మరణించినవారు 2,887 మంది. ఆ ఏడాది ప్రకృతి శక్తుల వల్ల సంభవించిన ప్రమాద మరణాల్లో ఇది మూడో వంతుకు మించినది.

ఈ విషయంలో తెలుగు భాష ఇంగ్లీషు కంటె నిక్కచ్చిగా ఉంటుంది. మబ్బులో తళుక్కుమన్నదానికీ, నేలకు దిగి ప్రాణం తీసినదానికీ ఇంగ్లీషువాడు సాధారణంగా ‘లైట్నింగ్’ అనే మాటతోనే సరిపెట్టుకుంటాడు. మనకు వెలుగు మెరుపు, చప్పుడు ఉరుము, నేలను తాకేది పిడుగు. కనుక ‘లైట్నింగ్ సెన్సర్’ అనే మాటను తెలుగు చేయబోయేవాడు, ఆ యంత్రం మెరుపును చూస్తున్నదా, పిడుగును పట్టుకుంటున్నదా అని ముందుగా విచారించక తప్పదు. అది వట్టి మాటల పట్టింపు కాదు.

క్షణంలో మెరిసి మాయమయ్యే వెలుగును యంత్రంతో పట్టే విద్యకు తొలి ప్రేరణ వాన కాదు, బాంబు. వాతావరణంలో అణుబాంబు పేలితే వెలుగు రెండుసార్లు మెరుస్తుంది. మొదటి మెరుపు సుమారు సెకనులో వెయ్యో వంతు. ఆ వెంటనే ఆఘాత తరంగం అగ్నిగోళాన్ని తెరలా కప్పివేస్తుంది. తెర పలచబడగానే రెండవ మెరుపు మరింత సేపు వెలుగుతుంది. ఈ జంట మెరుపును గుర్తించే పరికరాన్ని అమెరికాలో 1948లో తయారుచేశారు. దానికి ‘భంగ్‌మీటర్’ అని పేరు పెట్టినవాడు, తరువాతి కాలంలో నోబెల్ బహుమతి అందుకున్న ఫ్రెడరిక్ రైన్స్. ఇది పనిచేస్తుందని నమ్మాలంటే భంగు తాగి ఉండాలన్న ఎగతాళి ఆ పేరులో ఉన్నదని చెబుతారు. మన భంగు అలా అణుయుగంలో ప్రవేశించింది!

వాతావరణంలో అణు పరీక్షలను నిషేధించిన ఒడంబడిక 1963లో అమలులోకి వచ్చింది. దాన్ని ఎవరైనా ఉల్లంఘిస్తారేమోనని కాపలాకు అమెరికా వేలా ఉపగ్రహాలను ప్రయోగించింది. ఆ శ్రేణిలో తరువాత వచ్చినవాటికి భంగ్‌మీటర్లు అమర్చారు. 1979 సెప్టెంబరు 22న వాటిలో ఒకటి దక్షిణ సముద్రాల మీద ఒక జంట మెరుపును నమోదు చేసింది. అది బాంబా, కాదా అన్న వివాదం నేటికీ తీరలేదు. అయితే ఈ కాపలా కళ్ళకు బాంబుల కంటె ఎక్కువగా కనబడినవి మెరుపులే. మామూలు మెరుపు కంటె వంద రెట్లకు పైగా ప్రకాశించే మహా మెరుపులు ఉన్నాయని 1977లో టర్మన్ అనే శాస్త్రజ్ఞుడు వెల్లడించినది వేలా ఉపగ్రహాల సమాచారంతోనే.

తరువాత మెరుపుల కోసమే కళ్ళు తయారైనాయి. వాటి ముందున్న చిక్కు చిన్నది కాదు. పట్టపగలు ఎండలో తెల్లగా మెరిసే మబ్బు మీద మెరుపు వెలుగు దాదాపు కనిపించదు. శాస్త్రజ్ఞులు ఇందుకు మూడు ఉపాయాలు కలిపారు. మెరుపు వేడికి గాలిలోని ఆక్సిజన్ పరమాణువులు 777.4 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద కాంతిని వెదజల్లుతాయి. ఆ సన్నని పట్టీని మాత్రమే లోపలికి రానిచ్చే వడపోత గాజును కెమెరాకు తొడిగారు. సెకనుకు సుమారు 500 చిత్రాలు తీయించారు. ప్రతి చిత్రంలో నుంచీ నిలకడగా ఉన్న మబ్బు వెలుగును తీసివేయించారు. మిగిలినదే మెరుపు. పక్కపక్క గడుల్లో, వెంటవెంటనే కనిపించిన చుక్కలను కలుపుకుంటూ పోతే అది ఎక్కడ పుట్టి ఎటు పాకిందో తెలుస్తుంది.

1995లో ఎగిరిన అలాంటి పరికరం ఒక పాత లెక్కను తలకిందులు చేసింది. భూమి మీద సెకనుకు నూరు మెరుపులని 1925 నుంచి అనుకుంటున్నారు. తేలినది సగటున 44. 2017 అక్టోబరు 22న అమెరికాలో టెక్సాస్ నుంచి కాన్సాస్ నగరం దాకా పాకిన ఒకే మెరుపు 829 కిలోమీటర్లని ప్రపంచ వాతావరణ సంస్థ 2025లో ధ్రువీకరించింది. భూస్థిర కక్ష్యలోని కన్ను లేకుంటే అది తెలిసేది కాదు.

ఇంత చూసినా, పై నుంచి చూసే ఈ కంటికి మబ్బు యావత్తూ వెలిగిన కాగితపు లాంతరులా కనిపిస్తుంది. లోపలి దీపం నేలను తాకినదీ లేనిదీ అది తేల్చి చెప్పలేదు. అంటే అది చూసేది మెరుపును, పిడుగును కాదు. పిడుగు జాడ కావాలంటే, అది వెలువరించే రేడియో తరంగాలను నేల మీది కేంద్రాలు పట్టుకోవాలి. మన దేశంలో ప్రధానంగా నమ్ముకున్నది ఈ పద్ధతినే. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైనాయని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటించినది ఇలాంటి కేంద్రాల సాయంతోనే. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ నడిపే జాలం ఆధారంగా ‘దామిని’ అనే యాప్ చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్లలోని పిడుగులను గూర్చి హెచ్చరిస్తుంది.

అయినా మెరుపును చూడడం వృథా కాదు. సాధారణంగా మబ్బులో మెరుపులు మొదలైన కొన్ని నిమిషాలకు గానీ తొలి పిడుగు నేలకు దిగదు. ఆ నిమిషాలే ప్రాణాలు. కలుపు తీసే కూలీ చేతిలో ఫోను ఉండకపోవచ్చు. ఉన్నా గట్టు మీది సంచిలో ఉంటుంది. ఆమెకు ఆ క్షణాన అందుబాటులో ఉన్నవి తన కన్ను, చెవి మాత్రమే. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. మెరుపు కనిపించి ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే మబ్బు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్లే. చెట్టును వదిలి పక్కా ఇంట్లోకి వెళ్ళాలి. చివరి ఉరుము వినిపించాక మరో అరగంట దాకా బయటికి రాకూడదు.