రివర్సులో బయటపడే బోల్టులు

పడవకు బ్రేకు ఉండదండీ. అందరికీ తెలిసిన మాటే. కానీ రేవు ఇంకో పది అడుగుల దూరంలో ఉండగా, పడవ తన మానాన తాను పోతూ ఉంటే, అప్పుడు గానీ ఆ మాట ఒంటికి పట్టదు. ఆపడానికి ఉన్నదల్లా రివర్స్ గేరు. పంకా వెనక్కి తిరిగి నీళ్లను తోస్తే పడవ ఆగుతుంది. ఆ పంకాకీ ఇంజనుకూ మధ్య ఉన్న లంకె నాలుగైదు బోల్టులు. అవి వదులైతే ఏమవుతుందన్నదే ఇవాళ్టి కబురు.

ఏ పడవ అంటారా? మనిషిని తాడుతో నీళ్ల మీద లాక్కుపోయే స్కీ పడవ. 1922లో మిన్నెసోటాలోని లేక్ పెపిన్ మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు రెండు చెక్కల మొనలు ఉడకబెట్టి, పైకి వంచి, వాటి మీద నిలబడ్డాడు. ఆట అక్కడ మొదలైంది. దానికోసమే పుట్టిన పడవలు ఆ తర్వాత వచ్చాయి. ఫ్లోరిడాలో కరెక్ట్ క్రాఫ్ట్ వాళ్లు 1961లో స్కీ నాటిక్ తెచ్చారు. టెనెసీలో 1968లో మాస్టర్‌క్రాఫ్ట్ మొదలైంది. వీటిలో ఇంజను పడవ నడిమధ్య ఒక పెట్టెలో కూర్చుంటుంది. బరువు మధ్యలో ఉంటే వెనక లేచే అల చిన్నది, స్కీ చేసేవాడికి సుఖం. పంకా వెనక వేలాడకుండా పడవ అడుగున దాక్కుంటుంది కాబట్టి నీళ్లలో పడ్డవాడికి భయమూ తక్కువ. ఆస్టిన్‌లోనో అట్లాంటాలోనో చెరువుగట్టున ఇల్లు కట్టుకున్న మనవాళ్లు సెకండ్ హ్యాండులో కొనేది చాలావరకు ఇలాంటివే. కొన్నాక సంగీతం పెట్టెల మీద ఉన్న శ్రద్ధ ఈ బోల్టుల మీద ఉండదు, అదే నా బాధ.

ఇంజను వెనక గేర్‌బాక్స్, దాని కొసకు ఒక ఇనుప పళ్లెం. అక్కడి నుంచి ఏటవాలుగా పడవ అడుగులోంచి బయటికి దిగే షాఫ్టు, దాని కొసకు ఇంకో పళ్లెం. రెండు పళ్లేలనూ మొహాలు ఆనించి బిగిస్తే అది కప్లింగ్. షాఫ్టును తిప్పేది బోల్టులేనని చాలామంది అనుకుంటారు. నిజానికి బిగించిన బోల్టు పిసరంత సాగుతుంది. సాగింది కాబట్టి ముడుచుకోవాలని చూస్తుంది, ఆ ముడుచుకునే బలంతో పళ్లేలను అదిమి పట్టుకుంటుంది. అదిమితే పుట్టే రాపిడే తిప్పుడు భారంలో పెద్ద వాటా మోస్తుంది. బోల్టు వదులైందా, రాపిడి పోయింది. ఇక భారమంతా బోల్టు నడుము మీదే. గేరు 1:1 ఉన్న పడవలో ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే షాఫ్టూ అన్నే తిరుగుతుంది, అంటే సెకనుకు 50. రంధ్రాలు కోలగా అరగడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

ఇక్కడే ఉంది తమాషా. ముందుకు పోతున్నంతసేపూ పంకా షాఫ్టును లోపలికి, ఇంజను వైపు నెడుతుంది. పళ్లేలు రెండూ ఇంకా గట్టిగా ఆనుకుంటాయి. బోల్టులు సగం వదులైనా పడవ బాగానే పరుగెడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. రివర్స్ వేయగానే కథ తిరగబడుతుంది. పంకా షాఫ్టును బయటికి లాగుతుంది, ఆ లాగుడును ఆపాల్సింది బోల్టులు మాత్రమే. అంటే, పడవ ఆగి తీరాల్సిన క్షణంలోనే లంకె తెగుతుంది. షాఫ్టు వెనక్కి జారుతుంది. అదృష్టం బాగుంటే పంకా వెళ్లి చుక్కానికి తగిలి అక్కడ ఆగుతుంది, చుక్కాని బిగుసుకుపోయినా ప్రాణానికి హాయి. షాఫ్టు పూర్తిగా జారిపోతే మాత్రం పడవ అడుగున అంగుళం బెజ్జం తెరుచుకున్నట్టే. అడుగు లోతులో ఉన్న అలాంటి బెజ్జంలోంచి నిమిషానికి 40, 50 లీటర్ల నీళ్లు లోపలికి వస్తాయి. అడుగున చేరే నీళ్లు తోడే చిన్న బిల్జ్ పంపులు దానితో పోటీ పడలేవు.

మరి ముందుగా తెలియదా అంటే, తెలుస్తుంది. ముందు గేరు నుంచి వెనక గేరుకు మార్చేటప్పుడు కాళ్ల కింద "టక్"మని ఒక దెబ్బ. ఇంజను ఆపి పెట్టె మూత ఎత్తండి. టార్చి పట్టుకుని బోల్టు తలల చుట్టూ చూడండి. ఎర్రమట్టి రంగులో సన్నటి పొడి, తడి తగిలి మరకలా సాగి కనిపిస్తే, లోపల ఇనుమూ ఇనుమూ రుద్దుకుంటున్నాయన్నమాట. వేలితో తుడిస్తే జిడ్డుగా వస్తుంది.

అప్పుడు మనం చేసే పని ఏమిటి? పానా తెచ్చి బిగించేస్తాం. వారం తర్వాత మళ్లీ వదులు. బోల్టు తనంతట తాను వదులవదండీ, వదులు చేసేది ఇంకోటి ఉంటుంది. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో ప్రయోగం చేసి చూపించాడు: నట్టును విప్పడంలో నిలువు లాగుడు కన్నా అడ్డంగా జరిగే కదలికే ప్రధాన దోషి. ఆ కదలికకు స్ప్రింగ్ వాషర్ అడ్డం పడలేదు. స్ప్రింగ్ వాషర్ ఉంది కదా అని ధీమాగా ఉండే మెకానిక్కులు ఇప్పటికీ ఎందరో!

అడ్డంగా కదిలించేది చాలావరకు అలైన్‌మెంట్ లోపం. పళ్లేల మొహాలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుపడాలి. ఎంత సరిగ్గా అంటే, బోల్టులు తీసి రెంటినీ ఆనిస్తే ఫీలర్ గేజ్‌లో అంగుళంలో వెయ్యింట 3 వంతుల మందం రేకు ఎక్కడా దూరకూడదు. పైన, కింద, ఎడమ, కుడి, నాలుగుచోట్లా చూడాలి. ఒకచోట దూరిందనుకోండి, షాఫ్టును పావు చుట్టు తిప్పి మళ్లీ చూడండి. సందు ఉన్నచోటే ఉంటే ఇంజనును జరపాలి, మౌంటు నట్లతో సర్దుకోవచ్చు. సందు షాఫ్టుతోపాటే తిరిగితే ఆ షాఫ్టో పళ్లెమో వంకరపోయింది, ఇంజనును ఎంత జరిపినా లాభం లేదు. ఈ చిన్న పరీక్ష తెలియక ఇంజనుతో కుస్తీ పట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఇదంతా పడవ నీళ్లలో ఉండగా చేయాలి సుమా! ట్రెయిలర్ మీద పడవ ఒంపు వేరు, నీళ్ల మీద వేరు.

అన్నట్టు, షాఫ్టు బయటికి దిగేచోట నీళ్లు లోపలికి రాకుండా ఆపే గ్లాండ్ ఉంటుంది. పొలం దగ్గర పంపుసెట్టు నడిపినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, అదే గ్లాండు దారం, అదే చుక్కచుక్క కారడం. పాతకాలపు రకమైతే తిరిగేటప్పుడు కాస్త కారాలి. ఎంత బిగించినా ధారగా కారుతుంటే షాఫ్టు ఊగుతోందేమో చూడండి. చూపు మళ్లీ కప్లింగ్ మీదికే పోవాలి.

బోల్టులు మార్చేటప్పుడు తళతళలాడుతున్నాయని మామూలు స్టెయిన్‌లెస్‌వి వేయకండి. తల మీద ఆరు గీతలున్న గ్రేడ్ 8 ఉక్కుతో పోలిస్తే వాటి బలం బాగా తక్కువ. తయారీదారు ఏ గ్రేడ్ చెబితే అదే కొనండి. ఒకసారి విప్పిన నైలాన్ నట్టు మళ్లీ వాడొద్దు, కొత్తదానికి పెద్ద ధరేమీ ఉండదు. బిగించాక నట్టు మీంచి పళ్లెం మీదికి పెయింటుతో ఒక గీత గీయండి. ఇంట్లో గోళ్లరంగు దొరికితే అదీ పనికొస్తుంది. గీత విరిగి కనిపించిందంటే నట్టు జరిగినట్టు.

వీ-డ్రైవ్ పడవల్లో మాత్రం ఇంత సులువు కాదు. ఇంజను వెనక వైపు, తిరగేసి ఉంటుంది. కప్లింగ్ దాని కింద ఇరుకులో. చెయ్యి దూరదు, తల అసలే దూరదు. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ చూడరు. అలాంటి పడవ కొనబోతుంటే ఫోన్ కెమెరా కిందికి దించి ఆ బోల్టుల ఫోటో తీయించుకోండి, బేరం ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.